మిక్కటమా, మిక్కుటమా?

(ఒక చర్చలోని మాటలివి. మాట్లాడేవాళ్లకు పేర్ల బదులు వాళ్ల పేటల పేర్లు.)

బ్రాడీపేట: ఒక వాక్యం కొన్నాళ్లుగా బుర్రలో తిరుగుతోంది. "ఒకని కొరకు ఒకడు మిక్కుటమైన ప్రేమతో ప్రార్థన చేయుడి." మా పెద్దమ్మ కుటుంబ ప్రార్థనలో, ఊళ్లో జబ్బుపడ్డవాళ్లూ పరీక్షలు రాసే పిల్లలూ అందరి పేర్లూ అయిపోయాక ఈ మాటతో ముగించేది. బైబిల్లో వెతికితే దొరకడం లేదు. ఏదైనా పాత కీర్తనలోదా?

పటమట: అది ఒక వచనం కాదండి, రెండు. "ఒకని కొరకు ఒకడు ప్రార్థన చేయుడి" యాకోబు 5:16. "మిక్కటమైన ప్రేమ" 1 పేతురు 4:8. మీ పెద్దమ్మగారు రెంటినీ కలిపేసుకున్నారు. పైగా అక్కడున్నది మిక్కుటం కాదు, మిక్కటం. క్క కింద కొమ్ము లేదు, చూసుకోండి.

కొత్తపేట మాస్టారు: చూశాను. నిఘంటువులకు తెలిసిన మాట మిక్కుటము. సీసపు అక్షరాలు కూర్చిన రోజుల్లో కొమ్ములు రాలడం మామూలే. అచ్చుతప్పును వాక్యమని కంఠస్థం చేయించారు.

పటమట: ఒకచోట రాలితే అచ్చుతప్పు. 1 పేతురు 1:22 చూడండి: "హృదయపూర్వకముగాను మిక్కటముగాను ప్రేమించుడి." రెండుచోట్లా అదే కొమ్ము రాలిందా మాస్టారూ?

కొత్తపేట మాస్టారు: కూర్చినవాడు ఒక్కడే అయితే రాలుతుంది.

మొగల్రాజపురం: రాలలేదు. అసలు రూపమే అది. తమిళంలో మిక్క అంటే అధికమైన అని. మనకు మిగులు, మిక్కిలి, మించు అన్నీ ఆ కుదురువే. మిక్కటమే పాతది, కొమ్ము తర్వాత వచ్చి చేరింది. ఇది నా సిద్ధాంతం, ఎవరైనా కాదంటే ఆధారం చూపించాలి.

కొత్తపేట మాస్టారు: సిద్ధాంతం చేసినవాళ్లే ఆధారం చూపించాలి నాయనా, మా కాలంలో అలాగే ఉండేది. ఇంతకీ ఆ "టము" ఏ ప్రత్యయం? అది చెప్పండి ముందు.

గుణదల: కొమ్ము మీద ఇంత పోట్లాట, అర్థం ఎవరికీ పట్టదా? గ్రీకు మూలంలో ఉన్న మాట ఎక్తెనేస్. లాగి పట్టినది, చాచినది అని. ఎంత ప్రేమ అని కాదు, ఎంతదాకా సాగుతుంది అని. మిక్కటం అనగానే కొలతగా మారిపోయింది. అపొస్తలుల కార్యములు 12:5లో పేతురు చెరసాలలో ఉంటే సంఘం "అత్యాసక్తితో" ప్రార్థన చేస్తోంది కదా, అక్కడా ఇదే మాట. లూకా 22:44లో గెత్సేమనే తోటలో యేసు ప్రభువు "మరింత ఆతురముగా" ప్రార్థన చేశాడన్నచోటా ఇదే. తెలుగులో మిక్కటము, అత్యాసక్తి, ఆతురము అని మూడు రకాలుగా విడిపోయి కనిపించకుండా పోయింది. బ్రాడీపేట అక్కా, మీ పెద్దమ్మగారు ప్రేమకున్న మాటను తీసుకెళ్లి ప్రార్థనకు తగిలించారంటే పెద్ద తేడా ఏమీ రాలేదు. మూలంలో ఆ రెంటికీ ఒకే మాట.

పటమట: బాగుంది. ఇంకో అడుగు వేస్తాను. ఆ రాత్రి ఎవరి కోసం అలా ప్రార్థించారో, ఆ పేతురే తర్వాత అదే మాటతో ఉత్తరం రాశాడు. తను అందుకున్నదే సంఘాలకు అప్పజెప్పాడు.

గుణదల: వినడానికి బాగుంటుంది. కానీ కార్యముల్లో ఆ మాట వాడినవాడు లూకా, పేతురు కాదు. దీని మీద ప్రసంగం చెప్పొచ్చు, వ్యాసం రాయకూడదు.

పటమట: నేను ప్రసంగాలే చెప్తానండి, వ్యాసాలు మీరు రాయండి.

అరండల్‌పేట: అంత అత్యాసక్తితో ప్రార్థన చేసినవాళ్లే, పేతురు వచ్చి తలుపు తడితే నమ్మలేదు. రొదే అనే పిల్ల పరుగెత్తుకెళ్లి చెబితే "నీవు పిచ్చిదానవు" అన్నారు. మా స్త్రీల కూటంలో ఈ భాగం చదివినప్పుడల్లా నవ్వులే. ఇంకో మాట. "ఒకని కొరకు ఒకడు" ఏమిటండీ? ఉపవాస ప్రార్థనకు వచ్చేదేమో మేము. ఒకరి కొరకు ఒకరు అంటే పోయేదేముంది?

కొత్తపేట మాస్టారు: ఆ రోజుల భాషలో మహద్వాచకం, అంటే మగవాళ్లను చెప్పే మాట, ఒకటి చెబితే అందులో అందరూ వచ్చినట్టేనమ్మా.

అరండల్‌పేట: వచ్చినట్టే అంటారు, పేరు పిలవరు. మా దగ్గర పేరు పెట్టి ప్రార్థించకపోతే మనిషి అలిగి మరుసటి వారం రారు. కొలొస్సయుల పత్రికలో ఎపఫ్రా అలాగే తన ఊరివాళ్ల కోసం ఎల్లప్పుడూ "తన ప్రార్థనలలో పోరాడుచున్నాడు" అని పౌలు రాశాడు (4:12). చూడండి, పోరాటమట. నాకైతే మిక్కటం కంటే ఆ మాటే నచ్చుతుంది.

మొగల్రాజపురం: ఆ పేతురు వచనంలో అసలు తగాదా "కప్పును" దగ్గరుంది. "ప్రేమ అనేక పాపములను కప్పును." సామెతలు 10:12 వాసన: "పగ కలహమును రేపును ప్రేమ దోషములన్నిటిని కప్పును." కప్పడమంటే క్షమించడమా, కప్పిపుచ్చడమా? సంఘం డబ్బు లెక్కలు అడిగినవాణ్ని ఈ వచనం చూపించి కూర్చోబెట్టడం నేను కళ్లారా చూశాను. ఏ సంఘమో చెప్పను.

గుణదల: అందుకే యాకోబు వచనం మొదటి సగం కూడా చదవాలి. "మీ పాపములను ఒకనితోనొకడు ఒప్పుకొనుడి." ఒప్పుకున్న తర్వాతే ప్రార్థన, స్వస్థత. సామెతలో కప్పుకు ఎదురుగా పెట్టింది పగ కలహం రేపడాన్ని. పక్కవాడి తప్పును వీధిలో ఆరేయకపోవడం కప్పడం. వాడి చేత ఒప్పించకుండా వదిలేయడం కాదు.

మొగల్రాజపురం: ఈ తేడా తెలిస్తే కూర్చోబెట్టేవాళ్లు కాదు లెండి.

బ్రాడీపేట: అందరికీ వందనాలు. నా ప్రశ్న కీర్తనలో ఉందా అని. పెద్దమ్మ దాన్ని రాగం తీసినట్టు అనేది, అందుకని అనుమానం.

కొత్తపేట మాస్టారు: పాత తరంలో ఏ వచనమైనా రాగంతోనే. రాగం పక్కన పెట్టండి. గుంటూరులో కూర్చుని ప్రార్థన గురించి ఇంతసేపు మాట్లాడి జాషువా పేరు ఎత్తకపోవడం ఏమిటి? వినుకొండలో పుట్టి (1895), ఈ ఊళ్లోనే కన్నుమూసిన (1971) మహాకవి. 'క్రీస్తు చరిత్ర'కు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది.

పటమట: మాస్టారూ, మీరు ఏ చర్చనైనా జాషువా దగ్గరికే తీసుకెళ్తారు. మొన్న వంకాయ మీద చర్చలోనూ తీసుకెళ్లారు.

కొత్తపేట మాస్టారు: తీసుకెళ్లకపోతే మీరు వెళ్లరు కాబట్టి. 'గబ్బిలం' తీయండి. గుడిలోకి రానివ్వని మనిషి, తన గోడు కాశీలో శివుడికి చెప్పమని గబ్బిలాన్ని పంపుతాడు. పూజారి లేని వేళ చూసి చెప్పమంటాడు. తెలుగులో విజ్ఞాపన ప్రార్థనకు ఇంతకు మించిన కావ్యం ఏది?

అరండల్‌పేట: విజ్ఞాపన అంటే ఒకరి కోసం ఇంకొకరు అడగడం కదా మాస్టారూ. అక్కడ అతని తరఫున అడగడానికి ఒక్క మనిషైనా లేడు, అందుకే గబ్బిలం. "ఒకని కొరకు ఒకడు" ఉన్నవాడికి గబ్బిలంతో పనేమిటి? జాషువా రాసింది ప్రార్థన గురించి కాదు, సహవాసం లేకపోవడం గురించి అనిపిస్తుంది నాకు.

కొత్తపేట మాస్టారు: ...ఇది నేను ఆలోచించాలమ్మా.

మొగల్రాజపురం: మాస్టారు ఆలోచిస్తానన్నారు, తేదీ రాసి పెట్టుకోండి. ఇంతకీ సహవాసం అన్నారు కాబట్టి అడుగుతున్నా. ఆ మాట చర్చి లోపల ఒకలా, గేటు బయట ఒకలా ఉంటుంది. లోపల "పరిశుద్ధుల సహవాసము". బయట "వాడి సావాసం మానెయ్", సహవాస దోషం. అంత మంచి సంగతికి అనువాదకులు ఈ మాటే ఎందుకు పట్టుకున్నారు?

గుణదల: ఆరునెలలు సావాసం చేస్తే వారు వీరవుతారని సామెత ఉంది కదా. అదే కావాల్సింది. కార్యములు 2:42లో బోధ, సహవాసం, రొట్టె విరవడం, ప్రార్థన, నాలుగూ ఒక్క వాక్యంలోనే ఉన్నాయి. ఒకరి లక్షణం ఒకరికి అంటకపోతే ఆ పక్కనున్న మూడింటికీ పస లేదు.

పటమట: ఆ నాలుగింటి తర్వాత "ఎడతెగక యుండిరి" అని ఉంది. ఎక్తెనేస్‌కు అసలు తెలుగు అదే. పేతురులోనూ "ఎడతెగని ప్రేమ" అని వేసి ఉంటే కొమ్ము గొడవే ఉండేది కాదు.

గుణదల: అక్కడ గ్రీకులో వేరే క్రియ ఉందండి. పైగా ఎడతెగక అంటే మధ్యలో తెగకుండా అని, లాగి పట్టడం కాదు.

కొత్తపేట మాస్టారు: తెగకపోవడానికీ లాగి పట్టడానికీ ఉన్న తేడా రేపు రాస్తాను. ఈలోగా ఆ "టము" ప్రత్యయం సంగతి మొగల్రాజపురం వారు తేల్చాలి. ఇంకా తేల్చలేదు.