భీమిలి తీరంలో ఇఖైనోడెర్మ్‌ల లెక్క: ఇసుకలో అన్నీ సున్నాలే, లోపం ఎక్కడ?

తీరం_సర్వే:
రుషికొండ నుంచి భీమిలి దాకా ఆటుపోట్ల మేరలో ఇఖైనోడెర్మ్‌ల (నక్షత్ర చేపలు, సీ అర్చిన్లు, సముద్ర దోసకాయల వంటి సముద్ర జీవులు) లెక్క తీస్తున్నాం. 50 మీటర్ల టేపు, అర మీటరు చదరం క్వాడ్రాట్ (నేలమీద పెట్టి లోపలివి లెక్కించే చట్రం). రాళ్ల సందుల్లో నల్ల సీ అర్చిన్లు (స్టోమోప్న్యూస్టిస్) బాగానే ఉన్నాయి. ఇసుకలో, గోస్తనీ మొగ దగ్గర ఏమీ లేవు. నిజంగానే లేవా? బ్రిటిల్ స్టార్లేమో (సన్నని పొడవాటి చేతులున్న, నక్షత్ర చేపల్లాంటి జీవులు) పట్టగానే చేతులు రాల్చేస్తున్నాయి.

ఉప్పునీరు:
మొగ దగ్గర సున్నా నమ్మొచ్చు. ఒంట్లో ఉప్పును సర్దుకునే అవయవాలు వీటికి లేవు, మంచినీరు కలిస్తే తట్టుకునేవి చాలా తక్కువ. పైగా అక్టోబరు–డిసెంబరులో తీర ప్రవాహం దక్షిణానికి మళ్లి గంగ, బ్రహ్మపుత్రల నీటిని ఇటు మోసుకొస్తుంది. ప్రతి క్వాడ్రాట్ దగ్గరా రిఫ్రాక్టోమీటరుతో లవణీయత రాయండి, వేసవిలో మళ్లీ చూడండి.

ఇసుకలో సున్నా మాత్రం నేను ఒప్పుకోను. ఆస్ట్రోపెక్టెన్ నక్షత్ర చేప ఇసుకలో పూడుకుని ఉంటుంది. దాని గొట్టపు కాళ్లు చూషకాలు (అతుక్కునే బిళ్లలు) లేకుండా మొనదేలి, తవ్వడానికి వీలుగా ఉంటాయి. పైపైన చూస్తే దొరకదు. 10–15 సెం.మీ. తవ్వి 1 మి.మీ. జల్లెడలో కడగండి. అప్పుడూ కొన్నే వస్తాయి, ఎక్కువ భాగం ఆటులోనూ తేలని లోతులో ఉంటుంది.

జల్లెడ:
ఆ లోతు కోసం హార్బర్లో ట్రాలర్ల చెత్తచేపల కుప్పలు వెతకొచ్చు. కానీ వల ఏ లోతులో, ఎక్కడ లాగారో సరంగును (పడవ నడిపేవాణ్ణి) అడిగి రాసుకోకపోతే అది జాతుల జాబితాకే తప్ప వ్యాప్తి లెక్కకు పనికిరాదు. చిన్న బ్రిటిల్ స్టార్లు వల కన్నుల్లోంచి జారిపోతాయి కూడా. ఇంకోటి, మన జాబితాను మన్నార్ సింధుశాఖతో పోల్చి "ఇక్కడ వైవిధ్యం పడిపోయింది" అని రాయకండి. అక్కడ పగడపు దిబ్బలు, సముద్రపు గడ్డి ఉన్నాయి. ఇక్కడ రాయి, ఇసుక, బురద.

స్పిరిట్_సీసా:
చేతులు రాలేది నేరుగా స్పిరిట్‌లో వేయడం వల్ల, చేత్తో లాగడం వల్ల. రాయితో సహా ట్రేలోకి దించండి. మత్తు కోసం లీటరు మంచినీళ్లలో 75 గ్రాముల మెగ్నీషియం క్లోరైడ్ (హెక్సాహైడ్రేట్) కరిగించి, అంతే సముద్రపు నీరు కలిపి అందులో ఉంచండి. తాకినా కదలనప్పుడు 95 శాతం ఇథనాల్‌లోకి మార్చండి. ఒంటి నీరు కలిసి స్పిరిట్ పలచబడుతుంది, మర్నాడు కొత్తది పోయాలి. ఫార్మలిన్ వద్దు: ఆమ్లగుణంతో సున్నపు పలకలను తినేస్తుంది, జాతి గుర్తింపు వాటి మీదే ఆధారం. తిప్పిన రాళ్లను మళ్లీ అదే వైపు పెట్టండి.

సముద్ర దోసకాయ కనబడితే ఫొటోతో సరిపెట్టండి. 2001 నుంచి వన్యప్రాణి రక్షణ చట్టం కింద ఉన్నాయి, అనుమతి లేకుండా ఒక్కటి తీసినా నేరమే.