నవోదయ కోసం ఐదో క్లాస్ పిల్లోడిని కోచింగ్ హాస్టల్లో వెయ్యాలా?

కావలి నాన్న:
మా అబ్బయ్య ఊళ్లో గవర్నమెంట్ బళ్లోనే ఐదు చదువుతుండాడు. కృష్ణాపురం నవోదయకి, అదే ఆరో క్లాస్ నుంచి అక్కడే ఉండి చదువుకునే సెంట్రల్ గవర్నమెంట్ బడికి, ఎంట్రన్స్ పరీక్ష రాయించాలని ఉంది. మావాళ్లంతా టౌన్‌లో కోచింగ్ హాస్టల్లో చేర్చమంటుండారు, వాళ్లమ్మ మాత్రం ససేమిరా అంటోంది. ఏం చేద్దాం?

చీమకుర్తి తండ్రి:
చేర్చేయ్ అన్నా. రెండోసారి రాయనివ్వరు, ఉండే సీట్లు మహా అయితే 80. మా వైపు ఒంగోలు, కలుజువ్వలపాడు అని రెండున్నాయి, అయినా ఎంత పోటీనో. సీటొస్తే పన్నెండో క్లాస్ దాకా దిగుల్లేదు కదా.

పల్లె టీచరమ్మ:
అన్నా, ఒక్క నిమిషం ఆగండి. నవోదయలో కనీసం 75 శాతం సీట్లు పల్లె పిల్లలకే, అయితే 3, 4, 5 మూడు క్లాసులూ పల్లె బళ్లోనే చదివుండాలి. టౌన్ హాస్టల్ వాళ్లు బాబు పేరు అక్కడి స్కూల్లో ఎక్కించారంటే ఆ కోటా పోతుంది, అదే వేరే జిల్లా అయితే మన జిల్లా సీటుకి రాసే అర్హతే ఉండదు. చేర్చేముందు ఇది అడిగేవాళ్లే కనపడరు నాకు, చాలా బాధేస్తుంది.

ఇక పేపర్ అంటారా, రెండు గంటల్లో 80 ప్రశ్నలు, 100 మార్కులు. అందులో సగం, అంటే 40 ప్రశ్నలు బొమ్మలవే, మిగతాది లెక్కలు 20, భాష 20, తెలుగులోనే రాసుకోవచ్చు. అద్దంలో బొమ్మ ఎట్లా కనపడుతుందనే ప్రశ్నకి నిజం అద్దమే పుస్తకం పక్కన నిలబెట్టి చూపించండి, నాలుగు రోజుల్లో పిలకాయలకి పట్టుబడిపోద్ది. ఓఎంఆర్ షీట్, అంటే జవాబులకి గళ్లు నింపే కాగితం, మాత్రం బాగా దిద్దించాలి, ఎందుకంటే ఒక ప్రశ్న వదిలేసి తర్వాతదాని జవాబు ఆ వదిలేసినదాని గళ్లో దిద్దారంటే అక్కడ్నించి అన్నీ తప్పే. నెగటివ్ మార్కుల్లేవు, ఏదీ వదలొద్దని చెప్పండి. వీటికి పదేళ్ల బిడ్డని తల్లికి దూరంగా పెట్టాలా?

చీమకుర్తి తండ్రి:
మేడమ్, మీరు టీచర్ కాబట్టి సరిపోయింది. పొద్దున పనికిపోయి చీకటిపడ్డాక వచ్చేవాళ్లు ఆ బొమ్మలు ఎప్పుడు చెప్తారు? వాళ్లకి హాస్టలే దిక్కు.

పల్లె టీచరమ్మ:
అది నిజమే, కాదనను. అట్లాంటి పిల్లల్ని బడి వదిలాక ఓ గంట కూర్చోబెట్టుకోమని వాళ్ల టీచర్నే అడగాలి, చాలామంది కాదనరు. అమ్మానాన్నలకి చదువు రాకపోయినా టైం పెట్టి పాత పరీక్ష పేపర్ రాయించొచ్చు కదా, గడియారం చూడ్డం వస్తే చాలు.

కావలి నాన్న:
ఈ పల్లె కోటా సంగతి నాకెవరూ చెప్పలా మేడమ్! మా వాడు మొదట్నించీ ఊళ్లోనే చదివాడు, పేరైతే కదిలించను. లెక్కలు మా అన్న కూతురు చెప్తానంది. తెలుగు పాఠం చదివి ప్రశ్నలకి జవాబులు పెట్టేది ఉంది చూడండి, అక్కడ నిదానం మావాడు, దానికేం చెయ్యాలి?

పల్లె టీచరమ్మ:
రోజూ పేపర్లో ఒక వార్త పైకి చదివించి, ఐదు ప్రశ్నలు అడగండి అన్నా. ఈ రాత్రే మొదలుపెట్టండి.