పాప చెంప మీద అతికించిన చర్మానికి వెంట్రుకలు వస్తున్నాయి

ప్రశ్న:
మా పాపకి పదేళ్లు. పుట్టుకతో చెంప మీద ఉన్న పెద్ద నల్లమచ్చని చిన్నప్పుడే తీసేసి, గజ్జల దగ్గరి చర్మం అతికించారు. బాగానే అతుక్కుంది. ఇప్పుడు సరిగ్గా ఆ ముక్క మీదే నల్లగా, ముతకగా వెంట్రుకలు మొలుస్తున్నాయి. చుట్టూ అంతా నున్నగానే ఉంది. మచ్చే తిరిగొస్తోందేమోనని ఒకటే టెన్షన్. స్కూలుకెళ్లేటప్పుడు జుట్టు చెంప మీదికి లాక్కుంటోంది. పీకేయనా?

జవాబు 1:
పీకకండి, కుదురు దగ్గర చీము పట్టొచ్చు. మా అబ్బాయికీ ఇంతే. పూర్తి మందంతో చర్మం తీస్తే వెంట్రుకల కుదుళ్లూ దాంతోపాటే వచ్చేస్తాయి. చెంపకి మారినా వాటి బుద్ధి మారదు! గజ్జల చర్మమైతే ఈడొచ్చే వయసులో, హార్మోన్లు మొదలవగానే బయటపడుతుంది. పలచటి పొరగా తీసిన గ్రాఫ్ట్‌కి (అతికించే చర్మానికి) ఈ బెడద తక్కువ. కుదుళ్ల అడుగుభాగం తీసిన చోటే ఉండిపోతుంది.

జవాబు 2:
వెంట్రుకలు వచ్చినంత మాత్రాన మచ్చ తిరిగొచ్చినట్టు కాదు. అంచుల్లో నలుపు పాకినా, గడ్డలా తగిలినా మాత్రం వెంటనే చూపించండి. నల్ల వెంట్రుకలకి లేజర్ బాగా పనిచేస్తుంది, కాకపోతే చాలా సిట్టింగులు పడతాయి. అందాకా కత్తిరించినా, షేవ్ చేసినా ఫర్వాలేదు. షేవ్ చేస్తే దట్టంగా వస్తాయన్నది ఉత్తమాట.

ప్రశ్న అడిగినవారు:
చాలా థాంక్సండీ. అంచుల్లో రంగేమీ లేదు, ఇప్పుడే చూశాను. మొదటి జవాబు ఇచ్చినవారూ, మీ అబ్బాయికీ లేజర్ చేయించారా? చేయిస్తే నొప్పికి మత్తు క్రీమ్ రాశారా?