"దేవుని వరమే": వరమంటే తపస్సు చేస్తే వచ్చేది కదా?

పోస్టు (పర్లాకిమిడి నుంచి)

అందరికీ నమస్కారం. మా ఇంట్లో పుట్టిన సందేహం ఇది. మా పాపది ఏడో తరగతి, ఒడియా మీడియం. మాట్లాడేది తెలుగే గానీ తెలుగక్షరాలు రావు. సండేస్కూల్లో కంఠత వాక్యం ఇస్తే ఒడియా లిపిలో రాసుకొస్తుంది. ఈ వారం బైబిల్లో ఎఫెసీ పత్రిక 2:8, 9 ఇచ్చారు: "మీరు విశ్వాసముద్వారా కృపచేతనే రక్షింపబడియున్నారు, ఇది మీవలన కలిగినది కాదు, దేవుని వరమే. అది క్రియలవలన కలిగినది కాదు గనుక ఎవడును అతిశయపడ వీలులేదు."

శనివారం రాత్రి అంబలికి చోడిపిండి నానబెడుతూ అప్పజెప్పమన్నాను. అంతా గడగడా చదివి, "దేవుని బరమే" అంది. నాకు "బరువే" అన్నట్టు వినపడింది. తీరా నోట్సు చూస్తే, ఒడియాలో ఆ మాట "బ"తో రాస్తారు కదా, అలాగే రాసుకుంది. "వరమే తల్లీ" అన్నాను. "బొరొ అంటే పెళ్లికొడుకు కదమ్మా?" అంది. ఒడియాలో ఆ మాటకి రెండర్థాలూ ఉన్నాయి. మనకి మాత్రం వరుడు లేడా ఏమిటి!

నవ్వాపుకుని వరమంటే ఏమిటో చెబుదామంటే నా నోటికి వచ్చినవాడు హిరణ్యకశిపుడు. ఘోరమైన తపస్సు చేశాడు, బ్రహ్మ వచ్చి వరమిచ్చాడు. భస్మాసురుడిదీ అదే దారి. కైకేయికి వచ్చిన రెండు వరాలూ ఊరికే రాలేదు, యుద్ధంలో దశరథుణ్ణి కాపాడితే వచ్చాయి. అంటే మన చెవికి వరమనేది కష్టానికి దక్కే ఫలం. ఆ పత్రిక రాసిన పౌలు చెబుతున్నది సరిగ్గా దానికి ఎదురు మాట. మరి మనవాళ్లు ఈ మాటే ఎందుకు పెట్టినట్టు? కానుక అంటే పోయేది కదా?

బరంపురం అక్క

కానుక వద్దమ్మా. మన సంఘాల్లో కానుక అంటే మనం పెట్టెలో వేసేది. "దేవుని కానుక" అంటే సగం మంది దేవుడికి ఇచ్చేదనుకుంటారు. బహుమానం అందామంటే పరుగుపందెంలో గెలిచినవాడికిచ్చేది. దానం అంటే పుచ్చుకున్నవాడి తల వంగిపోతుంది. రోమా 4:4లో ఆ మాట ఉందనుకో: "పని చేయువానికి జీతము ఋణమేగాని దానమని యెంచబడదు." అక్కడ జీతం పక్కన పెట్టారు గనుక అతికింది.

నాకు వరంకంటే "ఉచితం"తోనే పెద్ద తలనొప్పి. మా ఆరాధనకి ఒడియావాళ్లు కూడా వస్తారు. రోమా 3:24లో "ఉచితముగా నీతిమంతులని తీర్చబడుచున్నారు" అని చదువుతుంటే పక్కనున్న పెద్దామె "ఉచిత కథా" అని తల ఊపింది. ఒడియాలో ఉచితమంటే తగినది, న్యాయమైనది. ఊరికే వచ్చేదాన్ని వాళ్లు "మాగణా" అంటారు. అంటే మేము "ఏమీ ఇవ్వకుండానే" అని చదివాం, ఆవిడ "తగినట్టే" అని విన్నది. మనకి మాత్రం సముచితం, ఉచితానుచితాలు లేవా? ఆ సంస్కృతం మాటకి "ఊరికే" అనే అర్థం అంటించింది మనమే.

మాస్టారు (రిటైర్డ్, తెలుగు పండితుణ్ణి, పర్లాకిమిడి)

అమ్మా, వరం మీద మీ అభియోగం సగమే నిలుస్తుంది. పోతన గజేంద్రుణ్ణి మరిచారు. "లావొక్కింతయు లేదు" అని మొదలుపెట్టి చివరికి ఏమన్నాడు? "రావే యీశ్వర కావవే వరద సంరక్షింపు భద్రాత్మకా." వరద అంటే వరమిచ్చేవాడు. ఆ పిలుపు పిలిచేటప్పటికి ఏనుగు దగ్గర తపస్సు లేదు, ఓపిక లేదు, కాలు మొసలి నోట్లో ఉంది. వరదుణ్ణి పిలిచిన నోటితోనే "సంరక్షింపు" అన్నాడు. వరమూ రక్షణా తెలుగువాడి చెవిలో పక్కపక్కనే కూర్చోవడం బైబిలుతో మొదలైంది కాదు. "నీవే తప్ప నితఃపరం బెరుఁగ" అన్నాడు చూడండి, ఆ "నీవే"లో ఏకారం మీ వాక్యంలో "కృపచేతనే"లోనూ ఉంది.

జయపురం అయ్యగారు

మాస్టారూ, పద్యం మాటకి సాక్ష్యంగా సరే, సిద్ధాంతానికి సాక్ష్యంగా తీసుకోను. గజేంద్రుడి కథ గజేంద్రుడిది, పౌలు మాట పౌలుది. కానీ ఆ ఏకారం మీద మాత్రం మీకు దండం పెడతాను.

మాది బ్రెక్లుం నుంచి వచ్చిన జర్మను మిషనరీలు నాటిన లూథరన్ సంఘం, అందుకని ఈ కథ మాకు ఇంటి కథ. మా సంఘానికి పేరొచ్చిన మార్టిన్ లూథర్ 1522లో కొత్త నిబంధనను జర్మనులోకి తెచ్చినప్పుడు రోమా 3:28లో విశ్వాసం పక్కన "మాత్రమే" అనే మాట చేర్చాడు. గ్రీకులో ఆ మాట లేదు. లేనిది చేర్చావని మీద పడ్డారు. 1530లో ఒక బహిరంగ లేఖలో జవాబు చెప్పాడు. ఒకటి ఔనని, ఇంకొకటి కాదని చెప్పేటప్పుడు జర్మనువాడు ఆ మాట వాడకుండా మాట్లాడడని దాని సారం. అక్కడ ఆయన ఇచ్చిన ఉదాహరణ, రైతు ధాన్యం మాత్రమే తెచ్చాడు, డబ్బు తేలేదు అని.

ఇప్పుడు దాన్ని మన సంతలో అనండి. "రైతు ధాన్యమే తెచ్చాడు, డబ్బు తేలేదు." కొత్త మాట ఏదీ చేర్చలేదు. ఏకారం చాలు. మన తెలుగు బైబిల్లో రోమా 3:28 కూడా "విశ్వాసమువలననే" అని ఉంటుంది. లూథర్ ఏ మాట కోసం లేఖ రాసుకోవలసి వచ్చిందో, మనవాళ్లు దాన్ని ఒక్క "నే"తో కానిచ్చేశారు. ఎవరూ పట్టుకోలేదు!

గుణుపురం కుర్రాడు

అయ్యగారూ, ఏకారం అంటే మాత్రమే అని గ్యారంటీ ఏటండీ? "మా అన్నే వచ్చినాడు" అంటే వేరేవోళ్లు రాలేదని కాదు కదా, స్వయంగా వచ్చినాడని కూడా. మరి యాకోబు 2:24లో "విశ్వాసమూలమున మాత్రము కాక క్రియలమూలమునను" అని ఉంది. అక్కడ "మాత్రము" ఉంది, దాన్నే కాదన్నారు. రెండూ ఎలా కుదురుతాయి?

జయపురం అయ్యగారు

మంచి పట్టే పట్టావు బాబూ. యాకోబు దగ్గర గ్రీకులోనే "మాత్రము" ఉంది, అది చేర్పు కాదు. ఆయన కొట్టేది నోటితో నమ్మానని చెప్పి, చలికి వణికేవాడికి బట్ట ఇవ్వనివాణ్ణి. పౌలు కొట్టేది క్రియలు చూపించి దేవుడి దగ్గర పద్దు రాయించుకునేవాణ్ణి. మా చదువు ఇది, వేరేగా చదివేవాళ్లూ ఉన్నారు. ఇక ఏకారం సంగతి. నువ్వన్నది నిజమే, ఒంటరిగా ఉంటే రెండర్థాలూ వస్తాయి. వెనకాలే "మీవలన కాదు", "క్రియలవలన కాదు" అని రెండు కాదులు వచ్చాయి కాబట్టి ఇక్కడ "మాత్రమే" అర్థం బిగిసింది.

మాస్టారు

విభక్తులు కూడా చూడండి. కృపకి "చేత", తృతీయ. క్రియలకి "వలన", పంచమి, దేనిలోనుంచి పుట్టిందో చెప్పేది. విశ్వాసానికి పెట్టిన "ద్వారా" మన పాత విభక్తుల పట్టికలోదే కాదు, అది సంస్కృతం ద్వారం, వాకిలి. తరువాతి వచనం 10లో "సత్‌క్రియలు చేయుటకై" అంటాడు. "కై" చతుర్థి. క్రియలు పంచమిలోంచి చతుర్థిలోకి మారాయి, అంతే. పంచమిలో ఉంటే కారణం, చతుర్థిలో ఉంటే ఉద్దేశం. మరి మంచిపనులు దండగా అనేవాళ్లకి నేనిచ్చే జవాబు ఈ "కై".

బరంపురం అక్క

ఇదంతా మా పిల్లలకి ఏం అర్థమవుతుంది మాస్టారూ? "రక్షింపబడియున్నారు" అని ఇంట్లో ఎవరంటారు? "రక్షణ పొందారు" అంటే సరిపోదా?

మాస్టారు

గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠం చెప్పిన ఊళ్లో కూర్చుని వాడుకమాట వద్దంటే నన్ను క్షమించరు. కానీ "పొందారు" అంటే పొందినవాడు కర్త అయిపోయాడు, ఏదో సంపాదించినట్టుంటుంది. "బడు" మన నోటికి కరకరలాడినా, పని చేసింది ఇంకొకరని చెబుతుంది. వాడుకలోనే కావాలంటే "దేవుడు మిమ్మల్ని రక్షించాడు" అనండి. కర్త ఎవరో బయటపడతాడు.

గుణుపురం కుర్రాడు

ఆఖరి డౌటు. "ఇది మీవలన కలిగినది కాదు" అన్నప్పుడు "ఇది" ఏది? కృపా, విశ్వాసమా? మన తెలుగులో రెండూ "ఇది"యే కదండీ.

జయపురం అయ్యగారు

గ్రీకులో కృపా విశ్వాసమూ రెండూ స్త్రీలింగం. "ఇది" అన్న మాట నపుంసకం. అందుకని ఏ ఒక్కదాన్నో కాదు, రక్షణ జరిగిన మొత్తం సంగతిని చూపిస్తోందని ఎక్కువమంది అంటారు. విశ్వాసం కూడా అందులో కలిసే ఉందా అని ఇప్పటికీ వాదించుకుంటారు. తెలుగులో ఆ లింగభేదం కనపడదు గనుక నీకు కనపడలేదు, తప్పు నీది కాదు.

పోస్టు పెట్టినావిడ

అందరికీ ధన్యవాదాలు. నిన్న పొద్దున్న పాపకి అంబలి పోస్తూ మాస్టారి వాకిలి పాఠం చెప్పాను. "అంబలి నేను చేశాను, నేను పోశాను, అది కృప. నువ్వు గిన్నె పట్టావు, అది విశ్వాసం. గిన్నె పట్టినంత మాత్రాన అంబలి నువ్వు కాచినట్టు కాదు. అందుకని వీధిలోకెళ్లి గొప్పలు చెప్పుకోకూడదు." బాగానే విన్నది. గిన్నె ఖాళీ చేసి, మూతి తుడుచుకుని, "గిన్నె కూడా నువ్విచ్చిందే కదమ్మా?" అంది.

అయ్యగారూ, దీనికి జవాబు మీరే చెప్పాలి. ఆదివారం లోపల.