పాత అపార్టుమెంటును కూల్చి కట్టడానికి మూడింట రెండు వంతుల సమ్మతి చాలునా?

మూడో అంతస్తు యజమాని (హైదరాబాదు):
తమిళనాడు 2022లో తెచ్చిన అపార్టుమెంటు యాజమాన్య చట్టం ప్రకారం మూడింట రెండు వంతుల యజమానులు ఒప్పుకుంటే పాత భవనాన్ని కూల్చి మళ్లీ కట్టుకోవచ్చు. మనకు రెండు రాష్ట్రాల్లోనూ ఉమ్మడి రాష్ట్రం నాటి 1987 చట్టమే దిక్కు. బిల్డరుతో డెవలప్‌మెంట్ ఒప్పందం రిజిస్టరు కావాలంటే భూమిలో అవిభాజ్య వాటా, అంటే యూడీఎస్, ఉన్న ప్రతి ఒక్కరి సంతకమూ కావలసి వస్తోంది. డాలస్‌లో ఉన్న ఒక్క వారసుడు తన తరఫున సంతకం చేసే అధికారమిచ్చే పత్రం (జీపీఏ) పంపకపోతే, పెచ్చులూడుతున్న స్లాబు కింద మిగతావారందరూ కాలం గడపాలి. తమిళనాడు పద్ధతి ఇక్కడికీ రావాలని నా వాదన.

న్యాయవాది (విజయవాడ):
ఇబ్బంది నిజమే కాని మందు వేరుగా ఉండాలి. ముంబయిలో సాధారణంగా భూమి సహకార సొసైటీ పేరున బదిలీ అవుతుంది, సభ్యుడికి ఉండేది ఆ సొసైటీలో వాటా. కాబట్టే పునర్నిర్మాణానికి 51 శాతం సభ్యుల సమ్మతి చాలని మహారాష్ట్ర 2019లో చెప్పగలిగింది. మన దగ్గర ఫ్లాటు యజమాని చేతిలో ఉన్నది తన వాటా ఎన్ని గజాలో రాసి రిజిస్టరు చేసిన సేల్ డీడ్; సంక్షేమ సంఘం సొసైటీల చట్టం కింద నమోదైనంత మాత్రాన దానికి ఆ భూమిపై హక్కు రాదు. పొరుగువారి చేతులెత్తుడుతో నా గజాలు మూడో వ్యక్తికి పోవడాన్ని చట్టబద్ధంగా తప్ప ఎవరి ఆస్తినీ తీసుకోకూడదనే రాజ్యాంగంలోని 300ఎ అధికరణం ముందు నిలబెట్టాలంటే, చట్టంలో శాతం ఒక్కటే రాస్తే సరిపోదు.

విశ్రాంత ఇంజనీరు (విశాఖపట్నం):
న్యాయవాది గారు చూపిన తేడా సరైనదే. అయితే దాని నుంచి మెజారిటీ పనికిరాదన్న నిర్ణయానికి రానక్కరలేదు. దేన్ని లెక్కపెట్టాలన్న ప్రశ్న వస్తుంది. సింగపూరులో పదేళ్లు దాటిన భవనాన్ని మొత్తంగా అమ్మడానికి 80 శాతం, అంతకన్నా కొత్తదైతే 90 శాతం సమ్మతి కావాలి, ఆ శాతాన్ని వాటాల విలువతోనూ విస్తీర్ణంతోనూ కొలుస్తారు. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్‌లో 75 శాతం కుదిరినా, ఒప్పుకోనివారు మిగిలితే కోర్టు ఆదేశం తప్పనిసరి. మన పాత భవనాల్లో ఒకే విస్తీర్ణం గల రెండు ఫ్లాట్లకు ముప్పై గజాలు ఒకరికి, నలభై మరొకరికి రాసిన డీడ్లు కనిపిస్తాయి. అమ్ముడుపోని ఫ్లాట్లు బిల్డరు పేరునే ఉండిపోయిన చోట్లూ ఉన్నాయి. అక్కడ తలలు లెక్కపెడితే ఎక్కువ భూమి ఉన్నవాడు నష్టపోతాడు, గజాలు లెక్కపెడితే బిల్డరే గెలుస్తాడు. అందుకని రెండు లెక్కల్లోనూ మూడు వంతులు దాటాలని, అంటే నాలుగింట మూడు, నేను కోరతాను.

దానికన్నా ముఖ్యమైనది కట్టే కాలంలో రక్షణ. స్థిరాస్తి ప్రాజెక్టులను నియంత్రించే రెరా చట్టం కొనుగోలుదారుల నుంచి వచ్చిన డబ్బులో 70 శాతాన్ని ప్రత్యేక ఖాతాలో ఉంచి భూమికి, నిర్మాణానికే వాడాలంటుంది. పాత యజమాని ఇచ్చేది డబ్బు కాదు, భూమి. పని మధ్యలో ఆగితే అతను బయట కట్టే అద్దెకు ఆ ఖాతా పూచీ పడదు. ఖాళీ చేసే ముందే అద్దెకు బ్యాంకు గ్యారంటీ ఉండాలి, లేకపోతే సంతకం పెట్టనివాడిని మొండివాడని తిట్టే అర్హత మనకు ఉండదు. (భవనం నిజంగా శిథిలమైందా అన్నది స్ట్రక్చరల్ ఇంజనీరు తేల్చాలి, కొత్త ఫ్లాటు మీద ఆశపడ్డ కమిటీ కాదు.)

మూడో అంతస్తు యజమాని:
నాలుగింట మూడుకు నాకు అభ్యంతరం లేదు. ఒప్పుకోనివారి వాటాకు ఎవరు ధర కట్టాలి?

న్యాయవాది:
బిల్డరు కట్టకూడదు, సంఘం కట్టకూడదు. రెరా అథారిటీ వంటి ఒక న్యాయనిర్ణయ సంస్థ, ఒప్పుకున్నవారికి దక్కే కొత్త విస్తీర్ణం విలువతో పోల్చి నిర్ణయించాలి. ఈ ఒక్క నిబంధన ఉంటే నా వ్యతిరేకత చాలావరకు తగ్గుతుంది.

పాత ఫ్లాటు కొనబోయే వ్యక్తి (వరంగల్లు):
కొనేవారి సంగతి ఎవరూ ఎత్తలేదు. సంఘం కూల్చివేతకు తీర్మానం చేసినా అది ఆస్తిపై రిజిస్టరైన లావాదేవీలు చూపే ఈసీలో కనిపించదు. అమ్మేవాడు చెప్పకపోతే, ఇరవై ఏళ్ల గృహరుణం తీసుకుని చేరినవాడు మొదటి సమావేశంలోనే ఆ మాట వింటాడు. సమ్మతి తీర్మానాన్ని సబ్ రిజిస్ట్రారు దగ్గర తప్పనిసరిగా నమోదు చేయాలని 1987 చట్టానికి మీరు కోరే సవరణలో చేర్చండి. పాత యజమాని ఇచ్చిన సమ్మతికి కొన్నవాడు కట్టుబడాలా అన్నదానికి మీ అందరి జవాబూ కావాలి.