హార్లాక్స్టన్ మేనర్ మెట్ల దగ్గర ఒక సందేహం

ఇంగ్లాండ్‌లో గ్రాంథమ్ పక్కనున్న హార్లాక్స్టన్ మేనర్‌కి వెళ్లొచ్చాను. 1830లలో గ్రెగరీ గ్రెగరీ అనే ఆసామి కట్టించుకున్న భవనం అది. (పేరూ అదే, ఇంటిపేరూ అదే!) 1971 నుంచి అమెరికాలోని ఎవాన్స్‌విల్ యూనివర్సిటీ విద్యార్థులు అక్కడే చదువుకుంటున్నారు.

బయట నుంచి చూస్తే మొదటి ఎలిజబెత్ రాణి, మొదటి జేమ్స్ రాజు కాలం నాటి ఇల్లే అనిపిస్తుంది. లోపల ‘సీడర్ స్టెయిర్‌కేస్’ అనే మెట్ల దగ్గర మాత్రం పూర్తిగా బరోక్ (బోలెడు అలంకరణలుండే ఆడంబర శైలి) హంగామా. తలెత్తితే ప్లాస్టర్ బాలదేవతలు, వేలాడే తెరలు. గుడ్డే అనుకుని కాసేపు మోసపోయాను.

ఆర్కిటెక్టులుగా మొదట ఆంథొనీ సాల్విన్, 1838 నుంచి విలియం బర్న్ పని చూశారట. లోపలి శైలి మారడానికి ఆ మార్పే కారణమా, యజమాని సరదానా? ప్లాస్టర్‌లో గుడ్డ మడతలు ఎలా తెస్తారు, అచ్చులు పోసా, చేత్తోనా? ఆర్కిటెక్చర్ చదివినవాళ్లెవరైనా కాస్త చెప్పండి ప్లీజ్.