గాల్వెస్టన్ దీవి: బీచ్ కాకుండా, మన కారులోనే తిరుగుతూ పాత ఊరు చూపించాలంటే ఏ రూట్?

షుగర్‌లాండ్_సుబ్బు:

అమ్మానాన్న ఇండియా నుంచి వచ్చి నెల దాటింది. పెర్లాండ్ మీనాక్షి గుడి అయింది, నాసా అయింది, మాల్ అంటే నాన్న కారు దిగనే దిగనంటున్నారు. ఈ శనివారం హ్యూస్టన్ దగ్గర, టెక్సాస్ తీరంలో ఉన్న గాల్వెస్టన్ దీవికి తీసుకెళ్దామని ప్లాన్. మనవాళ్ళం అక్కడికెళ్తే చేసేది ఒకటేగా, సీవాల్ (సముద్రానికి అడ్డంగా కట్టిన గోడ, దాని మీదే రోడ్డు) మీద పార్కింగ్ కోసం చక్కర్లు కొట్టడం, మోకాళ్ళ దాకా నీళ్ళలో దిగడం, పులిహోర డబ్బా ఖాళీ చేసి ఇంటికొచ్చేయడం. ఈసారి అలా కాకుండా ఆ దీవిలో పాత పేటలు, వాటి వెనక కథా చూపిద్దామనుకుంటున్నా. గైడెడ్ టూర్లు వద్దు, వాళ్ళ టైముకి మనం పరిగెత్తాలి, పైగా అమ్మకి మోకాళ్ళ నొప్పులు. మన కారులో నిదానంగా పోతూ, అక్కడక్కడా ఆపుతూ, సగం రోజులో అయిపోయే రూట్ ఎవరైనా చెప్తారా? నాన్న ఇరిగేషన్‌లో డీఈగా రిటైరయ్యారు. "ఇది ఫలానా కోటీశ్వరుడి ఇల్లు" అంటే ఆవలిస్తారు, "ఇది ఎలా కట్టారో తెలుసా" అంటే మాత్రం లేచి కూర్చుంటారు.

ఉప్పుగాలి:

అయితే మీ నాన్నగారికి ఆ ఊరు తెగ నచ్చుతుంది. అందరూ స్ట్రాండ్ అనే పాత వ్యాపార వీధి నుంచి మొదలుపెట్టమంటారు, నేను వద్దంటాను. ఐ-45 మీద దీవికి చేర్చే పొడుగాటి వంతెన (కాజ్‌వే) దాటాక 61వ స్ట్రీట్ ఎగ్జిట్ తీసుకుని తిన్నగా సీవాల్ దాకా వెళ్ళండి. అక్కడ జనమంతా ఎడమకి తిరుగుతారు, మీరు కుడికి, అంటే పడమరకి తిరగండి. 103వ స్ట్రీట్ ప్రాంతంలో గోడ అయిపోతుంది, రోడ్డు కిందికి దిగిపోతుంది, అక్కడి నుంచి ఇళ్ళన్నీ స్తంభాల మీదే, కింద కార్లు, పైన కాపురం. గోడ ఉన్నంత వరకూ ఇళ్ళు నేల మీద, గోడ అయిపోగానే ఇళ్ళు గాల్లో. ముందు ఇది చూపించండి, మిగతా ఊరంతా దానంతటదే అర్థమవుతుంది.

అక్కడే యూటర్న్ కొట్టి తూర్పుకి రండి. ఇప్పుడు సముద్రం కుడి పక్కనే ఉంటుంది కాబట్టి అమ్మగారిని కుడివైపు కిటికీ దగ్గర కూర్చోబెట్టండి. 48వ స్ట్రీట్ దగ్గర 1900 తుఫాను స్మారక విగ్రహం వస్తుంది. ఆ ఏడాది సెప్టెంబర్ 8న, 37 వేల జనాభా ఉన్న ఊరి మీదికి పదిహేను అడుగులకు పైగా ఉప్పెన వచ్చింది, ఊళ్ళో అన్నిటికంటే ఎత్తైన నేల సముద్రమట్టానికి తొమ్మిదడుగులు కూడా లేదు. చనిపోయినవాళ్ళు ఆరు వేల నుంచి పన్నెండు వేల మధ్య అంటారు, మామూలుగా రాసేది ఎనిమిది వేలు. అమెరికాలో ఇంతమందిని పొట్టనపెట్టుకున్న ప్రకృతి వైపరీత్యం ఇంకోటి లేదు.

ఇక్కడి నుంచి నాన్నగారి సబ్జెక్టు. బతికినవాళ్ళు ఊరు వదిలిపోలేదు. 1902లో గోడ మొదలుపెట్టి 1904కి మొదటి మూడు మైళ్ళ పైచిలుకు పూర్తి చేశారు, 17 అడుగుల ఎత్తు కాంక్రీటు. ఒకసారి మెట్లు దిగి ఇసుకలో నిలబడి గోడ ముఖం చూపించండి, నిట్టనిలువుగా ఉండదు, లోపలికి వంపు తిరిగి ఉంటుంది, వచ్చిన అల గోడని గుద్దుకోకుండా ఆ వంపు వెంట పైకి లేచి వెనక్కి పడాలని. అయితే గోడ ఒక్కటే చాలదు కదా, వెనక ఊరంతా పల్లంలో ఉంటే గోడ దాటొచ్చిన నీళ్ళు లోపలే నిలిచిపోతాయి. అందుకని ఊరినే ఎత్తారు. అక్షరాలా. ఐదొందల బ్లాకులు, రెండు వేలకు పైగా కట్టడాలు. దీవి మధ్యలో ఒక కాలవ తవ్వి, డ్రెడ్జర్లు సముద్రం అడుగున ఇసుక నీళ్ళతో కలిపి తోడుకొచ్చి, పైపుల్లో ఇళ్ళ కిందికి పంపు చేసేవి. నీళ్ళు జారిపోయేవి, ఇసుక మిగిలేది. అంతకుముందే ఇళ్ళని జాకీల మీద పైకి లేపి ఉంచేవాళ్ళు. ఇసుక నింపే ఖర్చు ప్రభుత్వానిది, ఇల్లు లేపుకునే ఖర్చు ఎవరిది వాళ్ళదే. గోడ దగ్గర నేల ఎత్తు, అక్కడి నుంచి వెనక బే (దీవికీ ప్రధాన భూభాగానికీ మధ్య ఉన్న నీళ్ళు) వైపుకి 1500 అడుగులకి ఒక అడుగు చొప్పున వాలు. కంటికి కనపడదు, వాన నీళ్ళకి తెలుస్తుంది. ఈ వాలు లెక్క కారులో చెప్పండి, ఆయన ఇంటికొచ్చేదాకా దాని గురించే మాట్లాడతారు.

దీనికి సాక్ష్యాలు రెండుచోట్ల చూడొచ్చు. బ్రాడ్‌వే, 24వ స్ట్రీట్ దగ్గర ఆష్టన్ విల్లా (1859) ముందు ఇనప కంచె చూడండి. మరీ పొట్టిగా, ఇంత పెద్ద భవనానికి ఇంతేనా అన్నట్టుంటుంది, ఎందుకంటే కింది భాగం ఇసుకలో పూడుకుపోయింది, మనకి కనిపించేది పైభాగమే. రెండోది 34వ స్ట్రీట్, అవెన్యూ కే మీద సెయింట్ ప్యాట్రిక్ చర్చి, మూడు వేల టన్నుల కట్టడాన్ని ఏడొందల జాకీలతో ఐదు అడుగులు లేపారు.

కాటన్‌సంచి:

రూట్ బావుంది. ప్రాక్టికల్‌గా నా నుంచి ఓ రెండు మూడు ముక్కలు. సీవాల్ మీద పార్కింగ్‌కి డబ్బు కట్టాలి, ఫోన్‌లోనే కట్టొచ్చు, బోర్డు మీద జోన్ నంబర్ చూసుకోండి. పొద్దున్న తొందరగా దిగితే ఎండా తప్పుతుంది, శనివారం రద్దీ కూడా. గోల్ఫ్ కార్ట్ అద్దెకి తీసుకోమని ఎవరో ఒకరు చెప్తారు, పెద్దవాళ్ళతో వద్దు, ఏసీ ఉండదు, జూన్ నుంచి సెప్టెంబర్ దాకా ఆ ఉక్కలో అరగంటకే అందరికీ మూడ్ పోతుంది.

ఇంకోటి, అక్కడ వీధుల లెక్క ముందే తెలుసుకుని వెళ్ళండి, లేకపోతే జీపీఎస్ మీద కోపం వస్తుంది. గోడకి సమాంతరంగా పోయేవి అవెన్యూలు, బే వైపు నుంచి ఏ, బీ, సీ అంటూ అక్షరాలు. స్ట్రాండ్ అంటే అవెన్యూ బీ, బ్రాడ్‌వే అంటే జే. అడ్డంగా పోయేవాటికి అంకెలు. ఇంతవరకూ బానే ఉంది, కానీ ఎమ్ దాటాక ఎమ్‌న్నర, ఎన్‌న్నర, ఓన్నర, పీన్నర అని సగం అవెన్యూలు కూడా ఉన్నాయి. బోర్డు మీద నిజంగానే అర గుర్తు వేసి ఉంటుంది. మా ఇంట్లో పిల్లలకి ఆ రోజంతా అదే జోకు.

తూర్పు కొసకి, ఫెర్రీ రోడ్ దగ్గరకి వెళ్తే ఫిష్ విలేజ్ అనే చిన్న పేట ఉంటుంది, వీధులన్నిటికీ చేపల పేర్లే, ట్యూనా, మార్లిన్, బారాకుడా... చూడ్డానికి ప్రత్యేకంగా ఏమీ ఉండదు, ఊరికే ఒక రౌండ్ వేసి రండి. ఆకలేస్తే స్ట్రాండ్ వైపు పీర్ 19 దగ్గర పడవలు దిగే చోట రెడ్ స్నాపర్ దొరుకుతుంది. ఐస్‌బాక్స్ పట్టుకెళ్తే ఆదివారం పులుసుకి సరిపోతుంది. శాకాహారులైతే పులిహోరే గతి, ఆ డబ్బా మర్చిపోకండి.

నల్లరేగడి:

పైవాళ్ళు చెప్పినదంతా నిజమేగానీ అందులో ఊరు సగమే ఉంది. ఈ రూట్ల పట్టీలు ఎవరు రాసినా బిషప్స్ ప్యాలెస్, మూడీ మాన్షన్, ఈస్ట్ ఎండ్‌లో రంగురంగుల విక్టోరియన్ ఇళ్ళు, అంతే. బావుంటాయి, కాదనను, 1893కి పూర్తయిన బిషప్స్ ప్యాలెస్ రాతి పని చూసి తీరాల్సిందే. కానీ ఆ డబ్బంతా ఎక్కడిది? పత్తి. ఆ రేవు నుంచే టెక్సాస్ పత్తి ఓడలెక్కేది. ఆ పత్తి చాలాకాలం పండించింది బానిసలు. గుంటూరు, వరంగల్ వైపు నుంచి వచ్చినవాళ్ళం, పత్తి పండించేదెవరో, మేడలు కట్టేదెవరో మనకి ఒకరు చెప్పాలా.

కాబట్టి స్ట్రాండ్‌కి వెళ్ళేది షాపింగ్ కోసం కాకుండా 22వ స్ట్రీట్ మూల కోసం వెళ్ళండి. అమెరికా అంతర్యుద్ధంలో ఉత్తరాది పక్షమైన యూనియన్ సైన్యం జనరల్ గోర్డన్ గ్రేంజర్ 1865 జూన్ 19న గాల్వెస్టన్‌లో జారీ చేసిన మూడో నంబరు ఉత్తర్వుతో టెక్సాస్‌లో బానిసలందరికీ విముక్తి అని ప్రకటించారు. బానిసల విముక్తి మీద ప్రెసిడెంట్ లింకన్ ప్రకటన అమల్లోకి వచ్చింది 1863 జనవరి 1న, ఆ కబురు టెక్సాస్‌లో గట్టిగా అమలవడానికి రెండున్నరేళ్ళు పట్టింది. ఆ సైన్యం ఆఫీసు ఉన్న ఆస్టర్‌మన్ బిల్డింగ్ ఇప్పుడు లేదు, ఆ స్థలం పక్క గోడ మీద 2021లో పెద్ద మ్యూరల్ వేశారు. పార్కింగ్ లాట్ పక్కనే, కారు దిగక్కర్లేదు. మన ఆఫీసులకి ఇప్పుడు సెలవిచ్చే జూన్‌టీన్త్ ఇదే, అది ఫెడరల్ సెలవయింది కూడా 2021లోనే.

అక్కడి నుంచి బ్రాడ్‌వే మీద 20వ స్ట్రీట్ దగ్గర రీడీ చాపెల్ ఉంటుంది, టెక్సాస్‌లో మొదటి ఏఎంఈ (ఆఫ్రికన్ మెథడిస్ట్ ఎపిస్కోపల్, నల్లజాతివాళ్ళు పెట్టుకున్న క్రైస్తవ శాఖ) చర్చి. 1848లో బానిసలు ప్రార్థన చేసుకోవడానికి ఇచ్చిన స్థలం అది, ఇప్పుడున్న ఎర్ర ఇటుకల కట్టడం తర్వాతది. ఆ తర్వాత 26వ స్ట్రీట్, అవెన్యూ ఎమ్ వైపు ఓల్డ్ సెంట్రల్ కల్చరల్ సెంటర్. టెక్సాస్‌లో నల్లజాతి పిల్లల కోసం పెట్టిన మొదటి హైస్కూలు 1885లో మొదలైంది, ఈ కట్టడం దానిదే. పక్కనే జాక్ జాన్సన్ పేరు మీద పార్కు, విగ్రహం ఉన్నాయి. 1908లో ప్రపంచ హెవీవెయిట్ చాంపియన్ అయిన మొదటి నల్లజాతి బాక్సర్, పుట్టింది ఈ ఊళ్ళోనే. మేడల దగ్గర గంట గడిపేవాళ్ళు ఈ మూడింటికీ కలిపి ఓ అరగంట ఇవ్వలేరా?

షుగర్‌లాండ్_సుబ్బు:

అందరికీ థాంక్స్ అండి, మ్యాప్‌లో అన్నీ పిన్ చేశా. ఉప్పుగాలి గారూ, ఒక డౌట్. మాది దివిసీమ, నాగాయలంక దగ్గర. 1977 నవంబర్ ఉప్పెనప్పుడు నాన్నకి ఇరవై కూడా లేవు. ఆ రాత్రి గురించి ఇంట్లో ఎప్పుడూ మాట్లాడరు, మేమూ అడగం. అలాంటాయన్ని తుఫాను విగ్రహం ముందు నిలబెట్టడం సబబేనా అని అమ్మ అంటోంది. పీర్ 21లో 1900 తుఫాను మీద డాక్యుమెంటరీ వేస్తారని చదివా, అది చూపించాలా వద్దా?

ఉప్పుగాలి:

అమ్మగారు అడిగింది నూటికి నూరుపాళ్ళు కరెక్టు. నాదీ బందరు. 1864 ఉప్పెనలో ముప్పై వేల మంది పోయారని మా పెద్దవాళ్ళు ఇప్పటికీ చెప్తారు, 77లో సర్కారు లెక్కే పదివేలు. ఆ కథలు వింటూ పెరిగాను కాబట్టి చెప్తున్నా, ఆ సినిమా మాత్రం ఆయన్ని అడక్కుండా టికెట్ కొనకండి. అందులో శవాల సంగతి ఉంటుంది, ముందు పడవలో తీసుకెళ్ళి సముద్రంలో వదిలితే మళ్ళీ ఒడ్డుకే కొట్టుకొచ్చాయి, చివరికి ఎక్కడివక్కడ చితులు పేర్చి కాల్చారు. చీకటి హాల్లో కూర్చుని అది వినడం దివిసీమ మనిషికి తేలిక కాదు. 69వ స్ట్రీట్ దగ్గర సీవాల్ మీద అనాథాశ్రమం గుర్తుగా ఒక ఫలకం ఉంది, అది కూడా ముందే చెప్పి ఆపండి. పదిమంది నన్‌లు బట్టలారేసే తాళ్ళతో పిల్లల్ని తమ నడుములకి కట్టుకున్నారు, పదిమందీ పోయారు, తొంభై మంది పిల్లలూ పోయారు, ముగ్గురు అబ్బాయిలు మాత్రం బతికారు.

విగ్రహం, గోడ ఫర్వాలేదు, బయట గాలిలో ఉంటాయి, ఇష్టం లేకపోతే కారు పోనివ్వమంటారు. నా అనుభవంలో మనవైపు పెద్దవాళ్ళు ఏడుపు కథ దగ్గర నోరు మూసుకుంటారు, కరకట్ట ఎత్తెంత, మట్టి ఎక్కడి నుంచి తెచ్చారు, తూములెక్కడ అని అడిగితే మాత్రం మాట్లాడతారు, ఆ మాటల్లోనే మిగతాది కూడా కొంచెం బయటికొస్తుంది. అడగాలనుకుంటే మీ ఊరి కరకట్ట గురించి అడగండి.

గోడ ఉంది కదా ఇక భయం లేదు అని మాత్రం చెప్పకండి, ఆయన నమ్మరు, నమ్మకూడదు కూడా. 2008 సెప్టెంబర్‌లో ఐక్ తుఫాను వచ్చినప్పుడు నీళ్ళు గోడ మీదుగా కాదు, వెనక నుంచి, బే వైపు నుంచి ఊళ్ళోకి వచ్చాయి. స్ట్రాండ్‌లో కొన్ని బిల్డింగుల గోడల మీద ఆ నీటిమట్టం గుర్తు పెట్టిన ఫలకాలు ఉన్నాయి, పక్కన నిలబడితే తల మీదికే ఉంటాయి కొన్నిచోట్ల. ఆ ఉప్పునీళ్ళకి వేల చెట్లు ఎండిపోయాయి. ఈస్ట్ ఎండ్ వీధుల్లో ఇళ్ళ ముందు చెక్కిన కొంగలు, డాల్ఫిన్లు, కుక్కలు కనిపిస్తాయి చూడండి, అవన్నీ అలా ఎండిన ఓక్ మొద్దులే, కొట్టేయడం ఇష్టంలేక ఇంటివాళ్ళు శిల్పులతో చెక్కించుకున్నారు. పది నుంచి 19వ స్ట్రీట్ మధ్య నిదానంగా పోతే చాలు, అమ్మగారికి ఈ భాగం బాగా నచ్చుతుంది.

కాటన్‌సంచి:

వీటన్నిటి తర్వాత కూడా ఓపికుంటే అవతల బోలివర్ ఒడ్డుకి కార్లని దాటించే పడవ, బోలివర్ ఫెర్రీ ఎక్కండి. కారుతో సహా ఉచితం, రోజంతా నడుస్తుంది, ఒకవైపుకి ఇరవై నిమిషాల లోపే. కారులోనే కూర్చోవచ్చు కాబట్టి మోకాళ్ళకి ఇబ్బంది లేదు. డాల్ఫిన్లు చాలాసార్లు కనిపిస్తాయి. అవతలి ఒడ్డున 1872 నాటి నల్లటి లైట్‌హౌస్ ఉంది, 1900 తుఫాను రాత్రి నూట పాతిక మంది దాకా దాని మెట్ల మీద కూర్చుని బతికారు. లోపలికి వెళ్ళనివ్వరు, రోడ్డు మీద నుంచే చూడాలి. వేసవి శనివారం మధ్యాహ్నం అయితే లైన్ గంట పైనే ఉంటుంది, అందుకే రూట్ కొంచెం మార్చుకుని, సీవాల్ అవగానే తూర్పు కొసలోనే ఉంటారు కాబట్టి ముందు ఫెర్రీ, ఆ తర్వాత ఈస్ట్ ఎండ్, స్ట్రాండ్, బ్రాడ్‌వే పెట్టుకోండి. బ్రాడ్‌వే తిన్నగా ఐ-45లో కలిసిపోతుంది, ఇంటికి అదే దారి. పిల్లలు ఉంటే పక్షులకి చిప్స్ వేయడం పడవ వెనక వైపు నుంచే, ముందు నుంచి వేస్తే వెనక ఉన్న కార్లన్నీ పాడైపోతాయి, మీది కూడా.